టెక్ సందేహాలు: ఒక సర్వర్‌కు గ్రాఫ్ వస్తుంది, రెండింటికి రాదు!

సందేహం: మా సంస్థలో ఇరవైకి పైగా లినక్స్ సర్వర్లున్నాయి. ప్రొమిథియస్ అనే సాఫ్ట్‌వేర్ సేకరించే కొలతలను, గ్రాఫులు గీసే గ్రఫానాలో చూస్తుంటాం. ఇదివరకు సర్వర్‌కొక డాష్‌బోర్డు ఉండేది. వాటన్నింటినీ తీసేసి, పైన ‘సర్వర్’ అనే వేరియబుల్ పెట్టి ఒకే డాష్‌బోర్డు చేశాను. జాబితాలో వెబ్-1 ఎంచుకుంటే గ్రాఫ్ వస్తోంది. వెబ్-1, వెబ్-2 కలిపి ఎంచుకుంటే ‘నో డేటా’ అంటోంది. పేరుకు బదులు ఐపీ చిరునామా ఉన్న పాత సర్వర్లయితే ఒక్కదాన్ని ఎంచుకున్నా అదే మాట. సర్వర్లన్నీ బాగానే నడుస్తున్నాయి. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: లోపం ఒక్క గుర్తులో ఉందండి. మీ క్వెరీలో, అంటే కొలతల కోసం ప్రొమిథియస్‌కు పంపే ప్రశ్నలో, ఇన్‌స్టాన్స్="$సర్వర్" అని రాసి ఉంటారు. దాన్ని ఇన్‌స్టాన్స్=~"$సర్వర్" అని మార్చండి. (ఇన్‌స్టాన్స్ అంటే కొలత ఏ సర్వర్‌దో చెప్పే లేబుల్. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాశాను. మీరు టైపు చేసేది ఎప్పటిలాగే ఇంగ్లిష్ అక్షరాల్లోనే.) సమాన గుర్తు పక్కన టిల్డ (~) చేరగానే రెండు సర్వర్ల గీతలూ వస్తాయి, ఐపీ సర్వర్లూ దారికొస్తాయి.

అంతటితో ఊరుకోవచ్చు గానీ, ఎందుకిలా జరిగిందో తెలియకపోతే వచ్చే వారం ఇంకో క్వెరీ దగ్గర ఇదే తంటా. పెళ్లి శుభలేఖ కవరు మీద ‘శ్రీ .......... గారికి’ అని అచ్చు వేయిస్తాం. చుక్కలున్న చోట పేరు చేత్తో రాస్తాం. వేరియబుల్ చేసే పని అంతే. ప్రొమిథియస్‌కు మీ వేరియబుల్ సంగతే తెలియదు. గ్రఫానా పేరు నింపి పంపిన కవరే దానికి అందుతుంది.

మీరు రెండు సర్వర్లు ఎంచుకున్నప్పుడు ఆ చుక్కల్లో పడేది (వెబ్-1|వెబ్-2) అనే ముక్క. నిలువు గీతకు అర్థం ‘లేదా’. ఇది పేర్ల నమూనాలు రాసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ భాష. ముందు సమాన గుర్తు ఒక్కటే ఉంటే ప్రొమిథియస్ ఆ భాషలో చదవదు. బ్రాకెట్లతో, గీతతో సహా అచ్చంగా అదే పేరున్న సర్వర్ కోసం వెతుకుతుంది. అలాంటి పేరు ఎవరు పెడతారు? కవరు మీద ఇద్దరి పేర్లు రాసి చివర ‘గారికి’ అనే ఉంచేసినట్టన్న మాట. టిల్డ దాన్ని ‘గార్లకు’ అని దిద్దుతుంది.

ఇక ఐపీ సర్వర్ల సంగతి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో చుక్క అంటే ‘ఏదో ఒక అక్షరం’ అని అర్థం. అందుకే ఒకటికి మించి ఎంచుకునే వీలున్న వేరియబుల్ అయితే గ్రఫానా ముందే జాగ్రత్తపడి, చుక్కను చుక్కగానే చదవమని దాని ముందు బ్యాక్‌స్లాష్‌లు చేరుస్తుంది. 10.0.0.5 కాస్తా 10\\.0\\.0\\.5 అవుతుంది. టిల్డ ఉంటే ఇది సరైన పనే. లేకపోతే ఒక్క సర్వర్‌ను ఎంచుకున్నా పేరు కలవదు. వెబ్-1లో చుక్క లేదు కనుక బతికిపోయింది. మిమ్మల్ని తప్పుదారి పట్టించింది కూడా అదే.

టిల్డ పెడితే వెబ్-1తో పాటు వెబ్-10 కూడా వచ్చేస్తుందేమోనని అనుమానం అక్కర్లేదు. ప్రొమిథియస్ పేరు మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా సరిపోలుస్తుంది.

క్వెరీ పని చేయనప్పుడు దాన్ని తదేకంగా చూస్తూ కూర్చోవడం దండగ. ప్యానెల్ మెనూలో ‘ఇన్‌స్పెక్ట్’, అందులో ‘క్వెరీ’ తెరిచి రిఫ్రెష్ నొక్కండి. నింపిన కవరు ఎలా ఉందో కనిపిస్తుంది. నేను మొదట చూసేది అక్కడే.

సందేహం: డాష్‌బోర్డులోని వేరియబుల్‌ను అలర్ట్ నియమంలో (కొలత హద్దు దాటితే హెచ్చరించే నియమంలో) పెడితే పని చేయడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చేయదండి. మనం తయారుచేసిన వేరియబుల్ స్థానంలో పేరు నింపే పని మీ బ్రౌజర్‌లో జరుగుతుంది. రాత్రి రెండింటికి గ్రఫానా సర్వర్ తనంతట తాను అలర్ట్ నియమాన్ని పరీక్షించేటప్పుడు అక్కడ బ్రౌజరూ లేదు, జాబితాలో పేరు ఎంచుకునే మనిషీ లేడు. అలర్ట్ క్వెరీలో సర్వర్ పేరుతో వడపోసే భాగాన్ని తీసేయండి. ఫలితం ఇన్‌స్టాన్స్ వారీగా విడివిడిగా వచ్చేలా రాస్తే, ఒకే నియమం ఒక్కో సర్వర్‌కు వేరుగా అలర్ట్ ఇస్తుంది.

సందేహం: ఒకే డాష్‌బోర్డును ముగ్గురు ఖాతాదారులు చూస్తారు. ‘క్లయింట్’ వేరియబుల్‌ను కనిపించకుండా దాచి, ఎవరి పేరున్న లింకు వారికి ఇచ్చాను. సరిపోతుందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: సరిపోదు, వెంటనే ఆపండి. ఆ లింకులోనే వేరియబుల్ విలువ బహిరంగంగా ఉంటుంది. పేరు మార్చి ఎంటర్ నొక్కితే పక్కవారి వివరాలన్నీ తెరమీదికొస్తాయి. పైగా మామూలుగా గ్రఫానాలో చూసే అనుమతి మాత్రమే ఉన్నవారు కూడా ఆ డేటా సోర్స్‌కు (గ్రఫానాకు కొలతలు అందించే ప్రొమిథియస్ లాంటి మూలానికి) తమకు నచ్చిన క్వెరీ పంపగలరు. గ్రఫానాలో ఖాతాదారుకొక ఆర్గనైజేషన్ (విడి విభాగం), అందులో వారి డేటా మాత్రమే అందే డేటా సోర్స్ పెట్టండి.

సందేహం: కొలత ఎంత వేగంగా పెరుగుతోందో లెక్కించే రేట్ ఫంక్షన్‌లో ‘ఐదు నిమిషాలు’ అని నేరుగా రాయవద్దని, $__రేట్_ఇంటర్వెల్ వాడమని మిత్రుడు చెప్పాడు. వాడితే గ్రాఫ్ మొత్తం మాయమైంది!
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీ మిత్రుడి మాట సరైనదే. గ్రఫానా 7.2తో 2020లో వచ్చిన ఈ వేరియబుల్, కొలతలు సేకరించే వ్యవధికి కనీసం నాలుగు రెట్లు ఉండేలా కిటికీని (లెక్కలోకి తీసుకునే కాలాన్ని) తానే లెక్కగడుతుంది. చిక్కల్లా ఆ వ్యవధి ఎంతో గ్రఫానాకు మనం చెప్పాలి. చెప్పకపోతే 15 సెకన్లు అనుకుంటుంది. నాలుగు రెట్లు చేస్తే ఒక నిమిషం. ప్రొమిథియస్‌లో మనం ఏమీ మార్చకపోతే కొలత తీసేది నిమిషానికి ఒకసారి. ఒక నిమిషం కిటికీలో ఒకే కొలత చిక్కుతుంది. రేట్ లెక్కకు కనీసం రెండు కావాలి. డేటా సోర్స్ సెట్టింగ్స్‌లో ‘స్క్రేప్ ఇంటర్వెల్’ దగ్గర ఒక నిమిషం అని రాసి సేవ్ చేయండి. కిటికీ నాలుగు నిమిషాలకు పెరుగుతుంది, గీత తిరిగొస్తుంది.