వైజాగ్‌లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయ్యాక సోలార్ కోర్సు చేస్తే పని దొరుకుతుందా?

కంచరపాలెంలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తి చేశానని, దగ్గర్లోని ఓ కాలేజీలో మూడు నెలల సోలార్ టెక్నీషియన్ కోర్సు పెడుతున్నారని, ఇంట్లోవాళ్లేమో ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం చూసుకోమంటున్నారని రాశారు. నన్నడిగితే కోర్సులో చేరండి. కాకపోతే ఫీజు, సర్టిఫికెట్ల సంగతి మాట్లాడేముందు ఒకసారి ఆ కాలేజీ మేడెక్కి చూడండి. పైన వాళ్ల సొంత సోలార్ ప్లాంటు నడుస్తోందా, దాన్ని చూసుకునేది విద్యార్థులేనా? రెండింటికీ అవుననే జవాబొస్తే ఇంక ఆలోచించక్కర్లేదు.

నాదీ ఎలక్ట్రీషియన్ ట్రేడే. గాజువాకలో ఒక వైరింగ్ కాంట్రాక్టరు దగ్గర కొన్నాళ్లు పనిచేసి, తర్వాత ఇలాంటి కోర్సే చేశాను. ఇప్పుడు మధురవాడ నుంచి కూర్మన్నపాలెం దాకా ఇళ్ల మీద, అపార్ట్‌మెంట్ల మీద ఉన్న సోలార్ సిస్టమ్‌ల మెయింటెనెన్స్ చూస్తున్నాను. క్లాసులో చెప్పినవి చాలావరకు ఐటీఐలో చదివినవే. కొత్తగా నేర్చుకున్నదంతా హాస్టల్ మేడమీది పది కిలోవాట్ల ప్లాంటు దగ్గరే.

మేం చేరేసరికి ఆ ప్లాంటు పేరుకే ఉంది. ఎప్పుడో పెట్టించారు, తర్వాత పట్టించుకున్న నాథుడు లేడు. మా సార్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) రీడింగు మాచేత రాయించేవారు. కిలోవాటుకి రోజుకి సగటున నాలుగు యూనిట్లు వస్తాయి కాబట్టి ఎండ బాగా కాసిన రోజు నలభై దాకా రావాలి. సగం కూడా రావట్లేదు. కారణం మీరే కనిపెట్టండి అని మాకే వదిలేశారు. వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో ఒక్కో స్ట్రింగు (వరసగా కలిపిన ప్యానెళ్ల గుంపు) కరెంటు కొలిస్తే ఒకదాంట్లో సున్నా. ప్యానెల్ తర్వాత ప్యానెల్ చూసుకుంటూ పోతే ప్యానెళ్ల వైర్లని కలిపే ఒక ఎంసీ4 కనెక్టరు లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. రెండు వేర్వేరు కంపెనీల కనెక్టర్లను బలవంతంగా కలిపేశారు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి గానీ లోపల కాంటాక్టు సరిగ్గా కూర్చోదు, ఆ సందులోంచి మన ఉప్పుగాలి దూరుతుంది. కనెక్టర్లు మార్చి, ప్యానెళ్లు కడిగాక రీడింగు ఎక్కడికి లేచిందో చూసినప్పుడు మా బ్యాచ్ మొత్తానికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇప్పుడు నేను రోజూ చేసే పని అచ్చంగా అదే.

డీసీ, అంటే ఒకే దిశలో పారే ప్యానెళ్ల కరెంటు, దానిమీద భయం, భక్తి రెండూ ఆ మేడమీదే వచ్చాయి. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాని దాటుతుంది కాబట్టి స్పార్కు వచ్చినా ఆరిపోయే అవకాశం ఉంది. ప్యానెళ్ల డీసీకి ఆ సున్నా లేదు. ఇళ్లమీద పెట్టే పెద్ద ప్యానెళ్లు పది సిరీస్‌లో ఉంటే 400 వోల్టులు దాటిపోతుంది, లోడు మీద ఉండగా కనెక్టరు లాగితే ఆ మంట ఆరదు, నిలబడిపోతుంది. ముందు ఏసీ వైపు, తర్వాత డీసీ ఐసోలేటరు (ప్యానెళ్ల వైపు లైనుని విడదీసే స్విచ్) ఆపి, కరెంటు సున్నా అని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. అప్పుడు కూడా వోల్టేజి ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌కి స్విచ్ ఆఫ్ అనేది లేదు. ఏళ్ల తరబడి హౌస్ వైరింగ్ చేసినవాళ్లే ఇక్కడ ఎక్కువ తడబడతారు. మెయిన్ ఆపేస్తే భయం లేదన్నది వాళ్ల చేతికి అలవాటైపోయింది మరి. ఈ ఒక్కటి సరిగ్గా నేర్పించని కోర్సు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

మన ఊరికి ప్రత్యేకంగా కావాల్సిన చదువు ఇంకోటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని ఏం చేసిందో మీ ఇంట్లోవాళ్లనడిగితే చెబుతారు. భవనాల డిజైన్‌కి వాడే ఐఎస్ 875 ప్రమాణంలో విశాఖకి ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఇంటివాళ్లు ప్యానెళ్ల కింద బట్టలు ఆరేసుకోవాలి, వడియాలు పెట్టుకోవాలి, కాస్త ఎత్తుగా కట్టమంటారు. ఆ కోరిక న్యాయమైనదే. కానీ ఎత్తు పెరిగేకొద్దీ గాలి కిందనుంచి లేపే బలానికి స్ట్రక్చరు తట్టుకోవాలి. కాళ్లు శ్లాబులోకి ఎలా దిగాయి, బేస్ ప్లేటు ఎంత మందం అన్నవి లెక్క వేయాలి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. గాల్వనైజ్డ్ పైపుని కోసిన చోట జింకు పూత వెయ్యకుండా వదిలేస్తే బీచ్ దగ్గర ఇళ్లలో అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇలాంటివి ఎన్నో చూశాను. ప్యానెళ్లు కడగడానికి కూడా ఉప్పగా ఉండే బోరునీళ్లు, ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లు పనికిరావు, అద్దం మీద తెల్లగా పొర కడతాయి. కుళాయి నీళ్లతో, తెల్లవారుజామున కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లనీళ్లు పోయకూడదు.

మా కాలేజీలో నాకు అన్నిటికన్నా నచ్చింది ప్యానెళ్ల పాఠం కాదు, కరెంటు వాడకం లెక్క తీయించడం. గదులు పంచుకుని ప్రతి ఫ్యాను, ప్రతి ట్యూబులైటు రాసుకున్నాం. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటు తీసుకునే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. పది ఫ్యాన్లున్న ఒక క్లాసురూములో ఎనిమిది గంటలకి మిగిలేది 3.6 యూనిట్లు. ఇంచుమించు ఒక కిలోవాటు ప్యానెళ్లు రోజంతా ఇచ్చేంత! ఈ లెక్క, పాత బిల్లులతో సహా ప్రిన్సిపల్ గారి ముందు పెడితే, ముందు ఫ్యాన్లే మార్చారు. హుద్‌హుద్ తర్వాత ఊళ్లో వీధిదీపాలన్నీ ఎల్‌ఈడీలు చేశారు కదా, అదీ ఇదే ఆలోచన. ఇప్పుడు కూడా ఎవరింటికైనా వెళ్తే ముందు బిల్లు చూస్తాను. ఐదు కిలోవాట్లు కావాలన్నవాళ్లకి మూడు సరిపోయిన సందర్భాలున్నాయి. అలా నిజం చెప్పిన టెక్నీషియన్‌ని వాళ్లు పక్కింటివాళ్లకీ చెబుతారు.

ఇక పని సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం దేశం మొత్తంమీద కోటి ఇళ్లు. రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకి 30,000, మూడు కిలోవాట్లు ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. దాంతో మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టి నెట్ మీటరు (తీసుకున్న కరెంటునీ, తిరిగి లైనుకి ఇచ్చినదాన్నీ లెక్కగట్టే మీటరు) పెట్టించుకునే ఇళ్లు పెరిగాయి, బిగించేవాళ్లకి గిరాకీ ఉంది. సింహాద్రి ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 25 మెగావాట్లు, ముడసర్లోవ మీద 2 మెగావాట్ల తేలే ప్లాంట్లు చూసి అక్కడ ఉద్యోగం వస్తుందని చాలామంది ఆశపడతారు. అలాంటివి కట్టేటప్పుడే జనం ఎక్కువ కావాలి, తర్వాత కొద్దిమందితో నడుస్తాయి. మీకు నిలకడైన పని ఇళ్ల మీదే దొరుకుతుంది. బిగించడం రెండు మూడు రోజుల్లో అయిపోతుంది గానీ, ప్యానెళ్లకి పాతికేళ్ల పెర్ఫార్మెన్స్ వారంటీ ఉంటుంది కదా, అన్నేళ్లూ ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆ మనుషులే ఇప్పుడు తక్కువున్నారు.

మొదట్లో జీతం ఫార్మా కాంట్రాక్టు ఉద్యోగం కన్నా తక్కువే ఉండొచ్చు, అది ఇంట్లో ముందే చెప్పండి. మండుటెండలో బెల్టు కట్టుకుని మేడల మీద పని. వానాకాలంలో ఇన్‌స్టలేషన్లు తగ్గుతాయి. దానికి తోడు జనానికి ఓపిగ్గా చెప్పడం రావాలి. కరెంటు పోయినప్పుడు మా సోలార్ కూడా ఎందుకు ఆగిపోయింది, మోసం చేశారా అని ప్రతి ఇంట్లో అడుగుతారు. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా కరెంటు లైనుకి కలిపిన గ్రిడ్ ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుందని, కరెంటు లేనప్పుడూ కావాలంటే బ్యాటరీతో ఉన్న హైబ్రిడ్ పెట్టుకోవాలని వివరించగలగాలి.

మీరు చెప్పిన కోర్సు కేంద్ర ప్రభుత్వ సోలార్ శిక్షణ పథకం సూర్యమిత్ర కింద నడుస్తోందా అని అడగండి. 2015లో మొదలుపెట్టినప్పుడు ఆ కోర్సు 600 గంటలు, వసతి, భోజనం సహా ఉచితంగా ఉండేది. పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రీషియన్ ఉన్నవాళ్లు అర్హులే. ఫీజు అడిగితే ఎందుకో కనుక్కోండి. ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు, మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ పరీక్షించే మీటరు), ఎర్త్ టెస్టరు, వైరు కొసకి కనెక్టరు బిగించే క్రింపింగ్ టూలు బ్యాచ్‌కి ఎన్ని ఉన్నాయి, పోయిన బ్యాచ్‌వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అన్నవి కూడా అడిగి, వీలైతే వాళ్లలో ఒకరితో ఫోన్లో మాట్లాడండి. వైరింగ్ పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ లేకపోతే కోర్సు నడుస్తుండగానే దానికీ అప్లై చేసుకోండి. మేడమీద ప్లాంటు ఆగిపోయి ఉన్నా కంగారుపడొద్దు. దాన్ని మీచేత బాగుచేయిస్తారా అని ఇన్‌స్ట్రక్టరుని అడగండి. సరే అన్నారంటే చేరిపోండి.