అమెరికాలో రాష్ట్ర అటార్నీ జనరల్ అంటే మన అడ్వొకేట్ జనరల్ లాంటివారేనా? ఆ పదవిలోకి ఎలా వస్తారు?

ప్రభుత్వం తరఫున కోర్టులో నిలబడటం వరకూ ఇద్దరి పనీ ఒకటేనండి. తేడా అంతా పదవి ఎవరిచ్చారన్న దగ్గరే ఉంది. మన దగ్గర అడ్వొకేట్ జనరల్‌ను రాజ్యాంగం 165వ అధికరణ కింద గవర్నర్ నియమిస్తారు. ప్రభుత్వం మారితే ఆయనా మారడం మనకు అలవాటే. అమెరికాలో 43 రాష్ట్రాల్లో అటార్నీ జనరల్‌ను జనమే ఓటేసి ఎన్నుకుంటారు. కాబట్టి గవర్నర్‌కు (అక్కడ ఆ పదవి మన ముఖ్యమంత్రి లాంటిది) ఇష్టం లేని కేసు కూడా అటార్నీ జనరల్ వేయగలడు.

మాది ప్రకాశం జిల్లా. పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే గదుల) మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి మిసిసిపీ అటార్నీ జనరల్ మైక్ మూర్ కథ నన్ను బాగా పట్టేసింది. ఆయన 1952లో పాస్కగూలా అనే చిన్న ఓడరేవు ఊళ్లో పుట్టాడు. లా చదివి, సొంత జిల్లాలోనే డిస్ట్రిక్ట్ అటార్నీగా (జిల్లా ప్రాసిక్యూటర్‌గా) గెలిచి, అవినీతికి పాల్పడిన స్థానిక అధికారుల మీద కేసులు నడిపి పేరు తెచ్చుకున్నాడు. 1988లో అటార్నీ జనరల్ అయ్యాడు.

అప్పటిదాకా సిగరెట్ కంపెనీల మీద కేసు వేసిన రోగులంతా దాదాపుగా ఓడిపోయినవాళ్లే. "తాగింది నువ్వే కదా, మేం బలవంతం చేశామా" అన్నది కంపెనీల వాదన. మూర్‌తో కలిసి లా చదివిన మైక్ లూయిస్ అనే లాయరు ఒక దారి చూపించాడు: రాష్ట్రం సిగరెట్ తాగలేదు, కానీ పేద రోగుల ఆసుపత్రి బిల్లులు మాత్రం మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య పథకం కింద కడుతోంది, ఆ డబ్బు కంపెనీల నుంచి రాబట్టాలి. ఎంత సూటి వాదనో చూడండి! 1994 మేలో మూర్ దావా వేశాడు. ఒక రాష్ట్రం ఇలాంటి దావా వేయడం అదే మొదటిసారి. గవర్నర్ కర్క్ ఫోర్డిస్ దీన్ని ఆపమని స్వయంగా కోర్టుకెక్కినా కేసు ఆగలేదు. 1997 జూలైలో, విచారణ మొదలుకాబోతుండగా, కంపెనీలు 300 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చేందుకు ఒప్పుకున్నాయి. మరుసటి ఏడాది 46 రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందం విలువ 25 ఏళ్లకు 20,600 కోట్ల డాలర్లు. సిగరెట్ ప్రకటనల్లో కార్టూన్ బొమ్మలు, రోడ్ల పక్కన పెద్ద హోర్డింగులు దానితోనే పోయాయి. నియమించిన పదవి అయ్యుంటే ఆయన్ను 1994లోనే ఇంటికి పంపేసేవారని నా నమ్మకం.

పెద్ద కేసులే కాదు, ఈ ఆఫీసు మామూలు మనిషికీ పనికొస్తుంది. మేం అమెరికాలో ఉన్నప్పుడు అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తే, కార్పెట్ మీద మరకలున్నాయంటూ యజమాని డిపాజిట్ మొత్తం పట్టేసుకున్నాడు. ఎన్ని మెయిళ్లు పెట్టినా జవాబు లేదు. అటార్నీ జనరల్ ఆఫీసులోని వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు పెట్టాను. లీజు కాగితం, ఇంట్లో దిగిన రోజు తీసిన కార్పెట్ ఫొటోలు, చెక్కు నకలు జత చేశాను. ఫిర్యాదు నంబరుతో ఉత్తరం వచ్చింది: "మేం మీ సొంత లాయరుగా వాదించలేం, కానీ అవతలివారి నుంచి సంజాయిషీ అడుగుతాం" అని. ఆ ఉత్తరం కాపీ యజమానికి చేరాక, శుభ్రం చేయించిన ఖర్చు మాత్రం మినహాయించి మిగతా డబ్బు పంపించాడు. పైసా ఫీజు లేకుండా పని జరిగింది.

ఇక కెరీర్ విషయానికొస్తే, చాలామందికి ఇది పైకెళ్లే మెట్టు. బిల్ క్లింటన్ గవర్నర్ కాకముందు 1977 నుంచి రెండేళ్లు ఆర్కన్సా అటార్నీ జనరల్. కమలా హారిస్ 2011 నుంచి 2017 దాకా కాలిఫోర్నియాలో అదే పదవిలో ఉండి సెనేట్‌కు వెళ్లారు. మూర్ మాత్రం వరుసగా నాలుగు సార్లు అదే పదవిలో ఉండి 2004లో దిగిపోయాడు. తర్వాత ప్రైవేటు లాయరుగా, నొప్పి మాత్రలకు జనాన్ని బానిసలను చేసిన మందుల కంపెనీల మీద రాష్ట్రాలు వేసిన కేసుల్లో పనిచేశాడు. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఈ దారిలో వెళ్లాలనుకుంటే, లా అయ్యాక పెద్ద కార్పొరేట్ ఆఫీసు కన్నా ముందు జిల్లా ప్రాసిక్యూటర్ ఆఫీసులో చేరమని చెప్పండి.