కామడోర్ కంపెనీ మూతపడింది కదా, అది తయారుచేసిన అమిగా కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఉచితమేనా?

కాదు, కొంత ఉచితం, కొంత ఇప్పటికీ కొనవలసిందే. ఆ రెండూ ఉండబట్టే అమిగా నేటికీ బతికి ఉంది. 1994లో కామడోర్ దివాలా తీసినా దాని కాపీరైట్లు రద్దు కాలేదు, ఆస్తులుగా చేతులు మారాయంతే. అందుకే 2021లో వచ్చిన అమిగా ఆపరేటింగ్ సిస్టమ్ అమిగాఓఎస్ 3.2ను కూడా హైపీరియన్ సంస్థ డబ్బుకే అమ్ముతోంది. ఆరోస్ సంగతి వేరు. అమిగాఓఎస్ 3.1 చేసే పనులనే చేసేలా స్వచ్ఛంద ప్రోగ్రామర్లు మొదటి నుంచి తామే రాసిన వ్యవస్థ అది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్న మామూలు పీసీనే తీసుకోండి. దానిలో ఎఫ్ఎస్-యూఏఈ అనే ఉచిత ఎమ్యులేటర్ (పీసీని అమిగాలా పనిచేయించే ప్రోగ్రామ్) వేస్తే అమిగా ఆటలు ఆడవచ్చు. అయితే అసలు యంత్రంలో చిప్‌పై ఉండే కిక్‌స్టార్ట్ రోమ్, అంటే అమిగాను మొదలుపెట్టే ప్రోగ్రామ్, దానికి కావాలి. ఆ రోమ్‌ను క్లోవాంటో సంస్థ అమిగా ఫరెవర్ ప్యాకేజీలో లైసెన్సుతో అమ్ముతుంది. కొనకపోతే ఎమ్యులేటర్‌తోనే వచ్చే ఆరోస్ రోమ్ ఉంది గానీ, దానితో అన్ని ఆటలూ నడవవు. పాత ఆటలపై నిజంగా మమకారం ఉన్నవారు కొనుక్కోవడమే మేలు.

ఎమ్యులేటర్ ఉచితం కాబట్టి రోమ్ కూడా ఉచితమేనని చాలామంది పొరబడతారు. నెట్‌లో సులువుగా దొరికినంత మాత్రాన కాపీ చేసుకునే హక్కు రాదు.