ఓలోనీలో రెండేళ్ళా, రివర్‌సైడ్‌లో నాలుగేళ్ళా? ఫ్రీమాంట్ అమ్మకు జవాబు

ప్రశ్న: మా పాపకి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) రివర్‌సైడ్‌లో ఎకనామిక్స్ సీటొచ్చింది. గ్రాంట్ ఏమీ రాలేదు. మా ఇద్దరి జీతాలూ కలిపి ఏడాదికి 1,45,000 డాలర్లు. 529 ప్లాన్‌లో (పిల్లల చదువుకని దాచుకునే ఖాతా) 52 వేలున్నాయి, నెలకి ఇంకో 1,200 పక్కన పెట్టగలం. బాబు ఎనిమిదో తరగతి. ఇంటి దగ్గరే ఓలోనీ కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీ) ఉంది కదా, రెండేళ్ళు అక్కడ చదివి 2028లో యూసీకి మారితే బాగుంటుందని నేనంటున్నాను. మావారేమో అప్పు చేసైనా రివర్‌సైడ్‌కే పంపుదాం, కమ్యూనిటీ కాలేజీ అంటే నలుగురిలో చిన్నతనం అంటున్నారు. మే 1 లోపు తేల్చాలి. ఏం చెయ్యమంటారు?

జవాబు: నమస్తే అండీ. మీ లెక్కలు చూశాక నా ఓటు ఓలోనీకే. కానీ దానికొక షరతుంది, పాపకి సంబంధించింది, డబ్బు సంగతి అయ్యాక దాని దగ్గరికొస్తాను.

యూసీలో హాస్టల్లో ఉండి చదివితే ఫీజు, గది, తిండి, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాదికి 40 వేలు దాటుతుంది. 42 వేలు వేసుకుందాం. నాలుగేళ్ళకి 1,68,000. మీ 529 డబ్బు 52 వేలు, నెలకి 1,200 చొప్పున నాలుగేళ్ళకి 57,600, మొత్తం 1,09,600. అంటే 58 వేల పైచిలుకు తక్కువ పడుతుంది. పాప తన పేరు మీద తీసుకోగల ఫెడరల్ లోన్ నాలుగేళ్ళకీ కలిపి 27 వేలే, మిగతా 31 వేలు మీ నెత్తి మీదకొస్తుంది. మీవారు అంటున్న అప్పు పేరెంట్ ప్లస్ లోన్ (తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే ఫెడరల్ అప్పు) అయితే దాని వడ్డీ 9 శాతం దగ్గర ఉంది, పైగా ఇచ్చేటప్పుడే 4 శాతానికి పైగా ఫీజు కోసుకుని ఇస్తారు. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి ఏడాదికి 20 వేలు, ఒక్కో పిల్లకి మొత్తం 65 వేలు అని పరిమితి కూడా పెట్టారు. ఆ అప్పు మీరు తీరుస్తూ ఉండగానే బాబు కాలేజీకొస్తాడు.

ఇప్పుడు ఓలోనీ. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, 2012 నుంచి అదే రేటు. 60 యూనిట్లకి 2,760. అది నాలుగేళ్ళకి కాదండీ, నెలకీ కాదు, రెండేళ్ళకి మొత్తం. కాలేజ్ ప్రామిస్ కింద మొదటిసారి ఫుల్‌టైమ్‌గా చేరిన పిల్లలకి చాలా కాలేజీలు అది కూడా వదిలేస్తాయి, ఫాఫ్సా (ఆర్థిక సాయం కోసం పెట్టే ఫెడరల్ దరఖాస్తు) నింపితే చాలు. నేనైతే ఆ మాఫీ రాదనుకునే లెక్క వేస్తాను. పుస్తకాలు, కారు ఇన్సూరెన్స్ (పద్దెనిమిదేళ్ళ పిల్లకి అది బాగానే పడుతుంది), గ్యాస్, ఇంకా చిన్నాచితకా ఏడాదికి 6 వేలనుకోండి. రెండేళ్ళకి 15 వేల లోపే. తర్వాత యూసీలో రెండేళ్ళు 84 వేలు. మొత్తం 99 వేలు, మీ దగ్గర సమకూరేది 1,09,600. అప్పు లేకుండా పట్టా, బాబు పేరున పది వేలు మిగులు. యూసీ ట్యూషన్ ఫీజు చేరిన ఏడాది రేటులోనే మారకుండా ఉంచుతారు, పాప 2028లో చేరితే అప్పటి రేటు పడుతుంది కాబట్టి ఆ పది వేలల్లో కొంత అటు పోవచ్చు. అయినా అప్పు జోలికి వెళ్ళక్కర్లేదు.

పన్ను దగ్గర ఒక్క విషయం జాగ్రత్త. అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (కాలేజీ ఖర్చుకి పన్నులో ఇచ్చే తగ్గింపు) ఏడాదికి 2,500 దాకా వస్తుంది, దంపతుల ఆదాయం 1,60,000 లోపుంటే పూర్తిగా. కానీ అది నాలుగు పన్ను సంవత్సరాలకే. పాప చదువు 2026 ఆగస్టులో మొదలై 2030 మేలో అయిపోతుంది, అంటే ఐదు పన్ను సంవత్సరాలు తగులుతుంది. 2026లో ఒక్క సెమిస్టర్ ఓలోనీ ఫీజు ఎంతని, ఆ ఏడాది క్లెయిమ్ చెయ్యకండి. ఆ నాలుగు అవకాశాల్నీ 2027 నుంచి 2030 దాకా వాడుకోవడానికి దాచుకోండి. యూసీకి వెళ్ళాక ఏటా 4 వేల ఫీజు మీ చేతి డబ్బుతో కట్టి, మిగతాది 529 నుంచి తియ్యండి, ఒకే ఖర్చుని రెండుచోట్లా చూపించకూడదు. యూసీలో ఉన్నప్పుడు మీ ఆదాయానికి మిడిల్ క్లాస్ స్కాలర్‌షిప్ కూడా రావచ్చు, అది మీకొచ్చిన లెటర్‌లో కనిపించకపోవచ్చు. దానికోసం ఏటా మార్చి గడువు లోపు ఫాఫ్సా వెయ్యడం మర్చిపోకండి.

ఇది చదివేవాళ్ళలో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల మీద ఆధారపడినవాళ్ళ వీసా) మీద పిల్లలున్న కుటుంబాలుంటే ఈ లెక్క వాళ్ళకి ఇలాగే సరిపోదు. ఫెడరల్ లోన్లు, గ్రాంట్లు వాళ్ళకి రావు, 21 నిండితే స్టేటస్ మారాల్సి వస్తుంది, అది సరిగ్గా యూసీలో ఉండే సమయంలోనే వచ్చి పడుతుంది. ముందు లాయర్‌తో మాట్లాడి తర్వాత కాలేజీ సంగతి చూడండి.

ఇక మీవారి బాధ. దాన్ని తీసిపారెయ్యలేను, ఎందుకంటే ఆ మాట నేను వారానికొకసారైనా వింటాను. ఊళ్ళో వాళ్ళకి ఫోన్‌లో "రెండేళ్ళ కాలేజీ" అంటే వాళ్ళ చెవికి మళ్ళీ ఇంటర్ చదువుతున్నట్టే వినిపిస్తుంది. మన దగ్గర పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్ళు ఎంతమంది లేరు? చివరికి చేతికొచ్చేది అదే బీటెక్. ఇక్కడా అంతే, పాప పట్టా మీద ఉండేది యూసీ పేరే. మీవారికి ఇంకో మాట చెప్పండి: ట్యాగ్ అని ఒక ఒప్పందం ఉంది, కమ్యూనిటీ కాలేజీ పిల్లలకి షరతులు పూర్తిచేస్తే సీటు గ్యారంటీ. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరూ దానిలో ఉన్నాయి. అంటే ఇవాళ వద్దనుకుంటున్న రివర్‌సైడ్ రెండేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉంటుంది, డేవిస్‌కీ ప్రయత్నించొచ్చు. ట్యాగ్ ఒక్క క్యాంపస్‌కే పెట్టాలి, 2027 సెప్టెంబర్‌లో. బర్క్లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగోలకి ట్యాగ్ లేదు, మామూలు అప్లికేషన్ పెట్టుకోవచ్చు.

పాప కంప్యూటర్ సైన్స్ అని ఉంటే నా జవాబు ఇంత తేలిగ్గా ఉండేది కాదు. కొన్ని క్యాంపస్‌లలో దానికి ట్యాగే లేదు, పోటీ ఎక్కువ.

ఇప్పుడు షరతు. దేశం మొత్తం మీద కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టిన నూరుమందిలో ఆరేళ్ళలో నాలుగేళ్ళ డిగ్రీ చేతికొచ్చేది దాదాపు 16 మందికే. చాలామందికి ఉద్యోగాలుంటాయి, ఇంటి బాధ్యతలుంటాయి, మీ పాప పరిస్థితి వేరు, అయినా ఆ సంఖ్య చూసి నాకు ఎప్పుడూ గుండె బరువెక్కుతుంది. నా దగ్గరికొచ్చిన ఒక కుటుంబంలో బాబు కాల్క్యులస్ మొదటి సగం ఒక కాలేజీలో, రెండో సగం ఇంకో కాలేజీలో చేశాడు, టైమింగ్ కుదిరిందని. తను వెళ్ళాలనుకున్న క్యాంపస్ ఆ రెండు ముక్కలూ ఒకేచోట చేసినవి కావాలంది. మళ్ళీ మొదటినుంచి. మూడో ఏడాది పట్టింది. ఆ రోజు వాళ్ళ నాన్న నా టేబుల్ మీద రెండు ట్రాన్స్‌క్రిప్ట్‌లూ పక్కపక్కన పెట్టి వేలితో వరస వరస చూపించారు, ఎవర్నీ తిట్టలేదు, "ఈ కాగితం ముందే చూసుంటే" అన్నారంతే.

ఆ కాగితం అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఓలోనీ నుంచి డేవిస్, ఎకనామిక్స్ అని ఎంచుకుంటే ఇక్కడి ఏ కోర్సు అక్కడి ఏ కోర్సుకి సరిపోతుందో వరసగా వస్తుంది. రివర్‌సైడ్‌కీ తీసి రెండూ ప్రింట్ చెయ్యండి. కాల్క్యులస్, స్టాటిస్టిక్స్, మైక్రో, మాక్రో, ఏ సెమిస్టర్‌లో ఏది అని పాప చేత్తోనే రాయించండి, మీరు రాయకండి. మొదటి సెమిస్టర్‌లోనే ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌ని కలవాలి. సెమిస్టర్‌కి 15 యూనిట్లు తగ్గకూడదు. తోటి పిల్లలందరూ హాస్టళ్ళ ఫోటోలు పెడుతుంటే తను ఇంటి నుంచి వెళ్ళొస్తుంటుంది, ఆ మొదటి మూణ్ణెల్లు కష్టంగానే ఉంటుంది, ఇంట్లో కాస్త కనిపెట్టుకుని ఉండండి.

మీరు ఇంత వివరంగా రాశారు, జీతాలు, 529, మీవారి మాట, మీ మాట, అన్నీ. పాప ఏమంటోందో మాత్రం ఎక్కడా లేదు. ఈ శనివారం ఆ రెండు ప్రింట్లూ, ఈ లెక్కా తన ముందు పెట్టి అడగండి. "సరే, చేస్తా" అని తనే పెన్ను తీసుకుంటే ఓలోనీ. ముఖం ముడుచుకుని మీకోసం ఒప్పుకుంటే మే 1కి ముందే నాకు మళ్ళీ రాయండి, అప్పుడు రివర్‌సైడ్‌కే తక్కువ ఖర్చుతో ఎలా పంపాలో కూర్చుని లెక్క వేద్దాం.