మనసులో ఎప్పుడూ మాటలేనా?

ప్రశ్న: నా మనసులో ఎప్పుడూ మాటలే నడుస్తుంటాయి. మా చెల్లెలు మాత్రం "నాకు మాటలేవీ రావు, ఊరికే తెలిసిపోతుంది" అంటుంది. ఎవరిది నిజం? తేల్చుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ చెల్లెలి మాటను కొట్టిపారేయలేం. నమ్మకూడనిది మీ "ఎప్పుడూ"నే. అమెరికాలో నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రస్సెల్ హర్ల్‌బర్ట్ 1970ల నుంచి మనుషుల జేబుల్లో బీపర్ (ఎప్పుడు పడితే అప్పుడు మోగే చిన్న పరికరం) పెట్టి, అది మోగేముందు మనసులో ఏముందో రాయిస్తున్నారు. 2008లో క్రిస్టఫర్ హీవీతో కలిసి 30 మంది విద్యార్థులపై ప్రచురించిన అధ్యయనంలో, రాసుకున్న క్షణాల్లో లోపలి మాట కనబడింది సగటున నూటికి 26. ఒక్కొక్కరి లెక్క తీస్తే సున్నా నుంచి 75 దాకా ఉంది. మాటా బొమ్మా లేని ఆలోచన సగటున నూటికి 22.

ఈ పరీక్ష మీరిద్దరూ ఇంట్లోనే చేయొచ్చు. వేళాపాళా లేకుండా మోగే అలారం యాప్ పెట్టుకోండి, రోజుకు ఆరుసార్లు చాలు. టక్కున మోగాలి. మెల్లగా పెరిగే రింగ్‌టోన్ అయితే అది వినిపించేలోపే అసలు క్షణం జారిపోతుంది. మోగగానే రాయండి.

పోపు వేస్తుండగా మోగిందనుకోండి. "పిల్లాడి ఫీజు గురించి ఆలోచిస్తున్నా" అని రాస్తే అది విషయం మాత్రమే, అనుభవం కాదు. "రేపే ఆఖరి రోజు" అన్న మాటలు లోపల వినబడ్డాయా? మీ గొంతుతోనా? రసీదు కళ్లముందు కనబడిందా? లేక ఫీజు ఊసే లేకుండా ఆవాల చిటపట ఒక్కటే ఉందా? మాటలు గుర్తులేకపోతే కల్పించొద్దు. ఎందుకలా అనిపించిందో అసలే రాయొద్దు, అది తర్వాత అల్లుకున్న కథ. 24 గంటల్లోపు ఆ కాగితం ముందుపెట్టుకుని ఒకరినొకరు అడగండి. "ఏ మాటలు వచ్చాయి?" అని అడిగితే లేని మాటలూ పుడతాయి, "మోగేముందు ఏముంది?" అనాలి. మొదటిరోజు కాగితాలు అభ్యాసం కింద పక్కన పెట్టేయండి.

మీకు "ఎప్పుడూ" అనిపించడానికి ఒక కారణం ఉండొచ్చు: "ఇప్పుడు లోపల మాట్లాడుకుంటున్నానా?" అని చూసుకోవడమే మాటలతో చేస్తారు. ఎన్నిసార్లు చూసినా మాటే దొరుకుతుంది.

ప్రశ్న: కళ్లముందున్నదంతా ఒకేలా స్పష్టంగా కనిపిస్తోంది కదా. ఇందులోనూ పొరపడతామా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పేకముక్కతో చూడండి. గోడమీద ఒక చుక్క పెట్టి, దానిమీదే చూపు నిలపండి. మీరు చూడని ముక్కను వేరొకరు మీ చెవి పక్కనుంచి నెమ్మదిగా ముందుకు తేవాలి. ఏదో కదులుతోందని ముందే తెలుస్తుంది. అంకె మాత్రం ముక్క దాదాపు చుక్క దగ్గరకు వచ్చేదాకా చెప్పలేరు. చేయి చాపితే బొటనవేలి గోరుకు కాస్త అటూఇటూగా ఉండే జాగాలోనే చూపు బాగా పదును. మిగతా చోట్లకు కళ్లు క్షణక్షణం పరుగెడుతుంటాయి, చూసినచోటల్లా స్పష్టంగానే ఉంటుంది కనుక అంతా అలాగే ఉందనుకుంటాం. ముక్క పట్టుకున్నవారు మీ కళ్లను గమనిస్తుండాలి. చూపు పక్కకు జారితే ఆ ముక్క లెక్కలోకి రాదు, ఇంకోటి తీయండి.