ఉత్త బిల్లు పుట్టకూడదు

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

బరంపురంలో ఉద్యోగం మానేసి, మన బజారు కొట్లకి జీఎస్టీ బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది కానీ రాత్రి నిద్ర పట్టలేదు. బ్యాకప్ రోజూ తీసుకో. పాస్‌వర్డులు కోడ్‌లో రాయకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా 'బిల్లు' అనే పేరెంట్ క్లాస్ మీద, అంటే అన్ని రకాల బిల్లులకీ మూలమైన అచ్చు మీద. సరుకు ఒడిశాలోనే ఉంటే కేంద్రం పన్ను సీజీఎస్టీ, రాష్ట్రం పన్ను ఎస్‌జీఎస్టీ. పక్కనున్న పాతపట్నం పంపితే ఆంధ్ర కాబట్టి రాష్ట్రం దాటే సరుకు మీద పడే ఐజీఎస్టీ. రకం లేని బిల్లంటూ ఉండదు. ఇక్కడ ఒక హోల్‌సేల్ కొట్టుకి ఎవరో కుర్రాడు ప్రోగ్రాం రాస్తూ పేరెంట్‌ని మామూలు క్లాస్‌గా వదిలేశాడు. అందులో పన్ను లెక్కకట్టే మెథడ్ సున్నా ఇచ్చేది, దాన్నుంచి వచ్చే ఒక్కో రకం బిల్లు చైల్డ్ క్లాసులు ఎలాగూ మార్చి రాసుకుంటాయిలే అని. తర్వాత ఇంకొకడొచ్చి ఫోన్ ఆర్డర్ల స్క్రీన్ రాస్తూ తిన్నగా న్యూ (కొత్తది పుట్టించే మాట) కొట్టి ఆ ఉత్త బిల్లునే పుట్టించాడు. కోడ్‌లో తప్పులు పట్టే కంపైలర్ నోరెత్తలేదు. ఫోన్‌లో వచ్చిన పాతపట్నం ఆర్డర్లన్నీ పన్ను లేకుండా వెళ్లిపోయాయి. సున్నా ఎర్రర్ కాదు కదా, ఎవరి కంటా పడలేదు. చివరికి పన్నూ, దాని మీద 18 శాతం వడ్డీ షావుకారే కట్టుకున్నాడు. ఆ లెక్కలు తిరగరాసినన్నాళ్లూ ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

కాబట్టి పేరెంట్‌నీ, అందులోని పన్ను మెథడ్‌నీ ఆబ్‌స్ట్రాక్ట్ చెయ్యి, అంటే పేరెంట్‌ని తిన్నగా పుట్టించడం కుదరకుండా, ఆ మెథడ్‌ని చైల్డ్ రాసి తీరేలా. కన్‌స్ట్రక్టర్‌ని (బిల్లు పుట్టేటప్పుడు నడిచే కోడ్‌ని) ప్రొటెక్టెడ్ చేసి బయటివాళ్లకి మూసేస్తే చాలదా అంటావు, నీ వాదన నాకు తెలీదూ! జావాలో అదే ప్యాకేజీలోని, అంటే ఆ క్లాసుల మూటలోని, ఏ క్లాసైనా దాన్ని పిలవగలదే పిల్లా. ప్రైవేట్ చేస్తే వేరే ఫైల్లో చైల్డే రాయలేవు. ఆబ్‌స్ట్రాక్ట్ అయితే న్యూ కొట్టగానే కంపైలరే ఆపుతుంది. చైల్డ్ పుట్టేటప్పుడు పేరెంట్ కన్‌స్ట్రక్టర్ మామూలుగానే నడుస్తుంది గనక బిల్లు నంబరు, తేదీ అక్కడే పెట్టుకో.

చైల్డ్ కన్‌స్ట్రక్టర్లు కూడా అందరికీ తెరవకు. ప్యాకేజీ వరకే ఉంచి, ఏ రకం బిల్లు కావాలో చూసి ఇచ్చే ఒకే ఫ్యాక్టరీ మెథడ్‌తో పుట్టించు. కొనేవాళ్ల జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్ర. నంబరు లేని చిన్న కొట్లకి డెలివరీ రాష్ట్రం అడుగు. అది తెలియకపోతే ఎర్రర్ చూపించు, ఏదో ఒకటి ఊహించకు. జావా 17 వాడితే సీల్డ్ పెట్టి చైల్డ్ క్లాసులేవో పేర్లు రాసెయ్యి, అవి తప్ప వేరే చైల్డ్ రాయడం కుదరదు.

తెల్లవార్లూ మేలుకుని రాయకు, కళ్లు పాడవుతాయి. ఆదివారం వచ్చేటప్పుడు ఆ ఫ్యాక్టరీ కోడ్ కాగితం మీద ప్రింట్ తీసుకురా, స్క్రీన్ మీద అక్షరాలు నాకు ఆనడం లేదు.