గ్రూపులో రాసిన మాటను ఎలా సరిదిద్దుకోవాలి?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఎనిమిది మంది బృందానికి టీమ్ లీడ్‌ని. 2020 లాక్‌డౌన్‌లో కాకినాడ వచ్చి, ఇప్పటికీ ఇంటి నుంచే పనిచేస్తున్నాను. మా బృందంలో ఒక అబ్బాయి పాలకొల్లులో తల్లిదండ్రుల దగ్గర ఉండి పనిచేస్తాడు. రెండు నెలలుగా అతని పని ఆలస్యమవుతోంది, మీటింగుల్లో కెమెరా ఆన్ చేయడు. గడువు తప్పిన ఒక రోజు, రాత్రి పదకొండు దాటాక, అందరూ ఉన్న చాట్ గ్రూపులో ‘ఇది మూడోసారి, ఇలా అయితే కష్టం’ అని ఇంగ్లీషులో రాశాను. అతను ‘నోటెడ్’ అని ఒక్క మాట పెట్టి, అప్పటి నుంచి ముక్తసరిగా ఉంటున్నాడు. పని గురించి చెప్పవలసింది ఇంకా మిగిలే ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు చెప్పదలచిన విషయంలో తప్పు లేదు. ఒకరి ఆలస్యం మిగిలినవారి మీద భారంగా పడుతున్నప్పుడు అడగవలసిన బాధ్యత మీదే. అయితే నలుగురిలో, రాతలో, నిద్రపోయే వేళ అడగడం వల్ల ఆ అబ్బాయికి విషయం కంటే అవమానమే ఎక్కువగా అందింది.

2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఈమెయిల్ రాసినవారు తాము వ్యంగ్యంగా అన్నారో మనస్ఫూర్తిగా అన్నారో నూటికి 78 సార్లు ఎదుటివారికి తెలిసిపోతుందనుకున్నారు. చదివినవారు సరిగ్గా పట్టుకున్నది 56 సార్లే. రెండింటిలో ఒకటి ఎంచుకోవలసిన ఆ పరీక్షలో ఇది బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే పెద్ద మెరుగు కాదు. పైగా మీరు రాసింది ఇంగ్లీషులో. ఎంత కోపంలోనైనా మన మాటను కాస్త మెత్తబరిచే ‘చూడు నాన్నా’, ‘ఏమైందమ్మా’ వంటి పలకరింపులకు ఆ వాక్యంలో చోటే లేదు. అతనికి కనిపించింది మూడు అనే లెక్క ఒక్కటే.

కాబట్టి ఇక రాయకండి, ఫోన్ చేయండి. వీడియో కాల్ కూడా వద్దు. కెమెరాకు వెనుకాడుతున్న మనిషిని ఈ మాటల కోసం తెర మీదికి రమ్మనడం న్యాయం కాదు. ఇక్కడ ఒక సంగతి మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఆఫీసులో ఉండగా ఇటువంటి మాటలు టీ తాగడానికి కిందికి దిగినప్పుడు జరిగేవి, ఎంత చివాట్లు తిన్నా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు అతను మీతో మాట్లాడుతుంటే పక్క గదిలో తండ్రి వింటూ ఉండవచ్చు. కొడుకు ఉద్యోగం గురించి ఇంట్లో మొదలయ్యే బెంగను కూడా ఆ కుర్రవాడే మోయాలి. అందుకని ‘పది నిమిషాలు మాట్లాడాలి, నీకు వీలైన చోటు, వేళ చూసుకుని చెప్పు’ అని ముందుగా అడగండి. మేడ మీదికి వెళ్తాడో, వీధి చివరికి నడుస్తాడో అతనే చూసుకుంటాడు.

ఫోన్‌లో మొదటి మాట మీ తప్పు గురించే కావాలి. ‘ఆ రాత్రి గ్రూపులో నేను అలా రాసి ఉండకూడదు, నీతోనే మాట్లాడవలసింది’ అని చెప్పి ఆగండి. ఆ వెంటనే ‘కానీ’ అన్నారంటే ముందు చెప్పినదంతా కొట్టుకుపోతుంది. అతను వెంటనే బదులివ్వకపోతే ఆ మౌనాన్ని మీరు నింపకండి. ఆ తరువాత పని విషయానికి వచ్చి, ఏ మూడు పనులు, ఏ తేదీలకు రావలసినవి ఎప్పుడు వచ్చాయో దాపరికం లేకుండా చెప్పి, ఎక్కడ ఆగిపోతున్నాడో అడగండి. ఇంటి సమస్య కావచ్చు, పని అర్థం కాకపోవడమూ కావచ్చు. పక్క కుర్చీలో సీనియర్ ఉంటే రెండు నిమిషాల్లో తీరే సందేహంతో, మెసేజ్ పెట్టడానికి మొహమాటపడి రోజంతా కూర్చున్న కుర్రవాళ్లను నేను చాలామందిని చూశాను.

అవమానం అందరి ఎదుట జరిగింది కనుక, అతనికి ఇష్టమైతే, గ్రూపులో కూడా ‘అది నేను విడిగా మాట్లాడవలసిన విషయం’ అని ఒక్క వాక్యం రాయండి. మీ మేనేజరును మాత్రం ఈ దశలో కలపవద్దు.

రాత్రి సందేశాల విషయంలో ఫ్రాన్స్‌లో 2017 జనవరి 1 నుంచి చట్టమే ఉంది. 50 మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న సంస్థలు పని వేళల తరువాతి సందేశాలపై ఉద్యోగులతో చర్చించాలి. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో ఇటువంటి ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. మీ బృందం వరకైనా రాత్రి తొమ్మిది దాటాక తప్పొప్పుల ప్రస్తావన ఉండకూడదన్న నియమం పెట్టుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

ఫోన్ పెట్టేశాక, ఇద్దరూ అనుకున్న పనులను, తేదీలను మాత్రం మూడు నాలుగు వాక్యాల్లో అతని ఒక్కడికే రాసి పంపండి. అందులో మందలింపు ఉండకూడదు. మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుందామని అనుకున్నారో ఆ రోజున, అతని పని పూర్తయినా కాకపోయినా, మీరే ముందుగా ఫోన్ చేయండి.